పేరులేని కవికి పెత్రమాస బియ్యం

సిద్దిపేట సాలెవాడలో పగటి పూట నడిచిపోయేవారికి ఆ రోజుల్లో రెండు చప్పుళ్ళు కలిసి వినిపించేవి. ఒకటి సారయ్య మగ్గం చప్పుడు, రెండోది ఆయన కొడుకు రాజం చదువు చప్పుడు. చప్పుడు అని తెలిసే అంటున్నాను. తండ్రి చేతిలో పేకనూలు దాటించే నాడె అటు పోయినప్పుడు ఒక ఇంగ్లీషు కవి పుట్టేవాడు, ఇటు వచ్చినప్పుడు కాలం చేసేవాడు. అన్నం వేళకు ఎలిజబెత్ రాణి యుగం ముగిసేది. దీపాలు పెట్టే వేళకు రొమాంటిక్ యుగం దాటి విక్టోరియా రాణి యుగం కూడా గడిచిపోయేది. చివర సిమిలీ, మెటఫర్, ఎలిజీ అంటూ మంత్రపుష్పం చదివినట్టు చదివి రాజం లేచి కాళ్ళు చేతులు కడుక్కునేవాడు.

వాడకట్టు వాళ్ళకు అదంతా ఎంతో ముచ్చట. సారన్న కొడుకు నోట్లో సరస్వతి ఉందని చెప్పుకునేవారు. పాఠకులారా, అక్కడుంటే మనమూ అదే అనేవాళ్ళం. ఆగకుండా అప్పజెప్పేవాణ్ణి చూసి అన్నీ తెలిసినవాడనుకోవడం మనకు బాగా అలవాటైన పొరపాటు.

నిజానికి రాజం ఆ యేడు, అంటే పంతొమ్మిది వందల నలభై ఆరులో, పట్నంలో ఇంటర్మీడియెట్ పరీక్షలో ఇంగ్లీషు ఒక్కటి తప్పి ఇంటికొచ్చాడు. ప్రశ్నపత్రంలో ఒక పద్యం ఇచ్చి 'ఇది చదివితే నీకేమనిపించింది?' అని అడిగితే, కవి పుట్టిన ఊరు, పోయిన సంవత్సరం, ఆయన యుగం చక్కటి దస్తూరితో రాసి వచ్చాడు. తనను ఎందుకు తప్పించారో అతనికి అప్పటికింకా అర్థం కాలేదు. ఇంకొందరు కవుల సంవత్సరాలు కంఠస్థం చేసి ఉంటే గట్టెక్కేవాణ్ణనుకున్నాడు.

సారయ్య కోపిష్ఠి కాడు కాని మాట మీద నిలబడేవాడు. కొడుకును కూర్చోబెట్టుకుని ఒక మాట తేల్చి చెప్పాడు.

"సద్దుల బతుకమ్మ దాటంగనే దేవదాసు సారును ఇంటికి పిలుస్త. నీ సదువు ఆయన ఇంటడు. పంపుమంటే పట్నం పో. వద్దంటె మీ తాత కూసున్న మగ్గం గుంటల కూసో. ఆయన మగ్గం ఉత్తగనే పడి ఉన్నది."

దేవదాసు సారు మిషన్ బడిలో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఆయనలాగే ఒకనాడు తానూ పిల్లలకు పాఠం చెప్పాలన్నది రాజం కోరిక. ఇప్పుడు ఆ కోరికంతా ఆ సారు చెప్పబోయే ఒక్క మాట మీద వేలాడుతోంది. అందుకని అతను గొంతు ఇంకాస్త పెంచాడు.

ఆ గొంతును అందరికంటే శ్రద్ధగా విన్నది అతని నాయనమ్మ బుచ్చవ్వ. వానకాలమంతా రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూ ఆమె ఆ పేర్లన్నీ వింది. ఇంగ్లీషు ముక్క రాకపోయినా, ఫలానా ఆయన ఫలానా యేడు పుట్టి ఫలానా యేడు పోయాడన్న సంగతి మనవణ్ణి అడిగి తెలుసుకుంది. ఇక అప్పటి నుంచి ఆమె మనసులో ఒక బెంగ మొదలైంది.

పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దల పేర పురోహితం చేసే అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య అది. వాకిట్లో పీట వేసి, చాటల్లో బియ్యం, సొరకాయ, చింతపండు సర్దింది బుచ్చవ్వ. ఇంటి పెద్దలకు కావలసిన దానికంటే చాటలు చాలా ఎక్కువున్నాయి.

"ఇన్ని ఎవలికే అవ్వా?" అన్నాడు సారయ్య.

"రాజం చదివెటోళ్ళకు. వానకాలమంత పొద్దుమాపు పోయినోళ్ళ పేర్లు ఇంట్లె తీస్తుండు. పేరు తీసి పిలిచినంక బియ్యం పొయ్యకుంటె ఎట్ల కొడుకా? వాకిట్లకు వచ్చి నిలవడరా?"

రాజం సిగ్గుతో చచ్చిపోయాడు. "బాపమ్మా, వాళ్ళు ఇంగ్లీషోళ్ళే! సీమల ఉంటరు" అని మొత్తుకున్నాడు.

"సీమల ఉన్నోళ్ళకు ఆకలి ఉండదా?"

అంతలో అయ్యగారు వచ్చి కూర్చున్నారు. బుచ్చవ్వకు ఒక పద్ధతి ఉంది. పోయినవారి పేరు ఊరికే చెప్పి బియ్యం ఇవ్వదు. ఆ మనిషి గురించి ఒక్క మాటైనా చెప్పాలి. ఉత్త పేరు చెబితే వాళ్ళకు అందదని ఆమె నమ్మకం. "మా మామ. కారం లేంది ముద్ద దిగకపోతుండె" అని ఒక చాట, "మా అత్త. నేను పాలిచ్చే బాలింతనని తన గిన్నెల అన్నం నాకు పెట్టింది" అని ఒక చాట ఇచ్చింది. భర్త పేర ఇచ్చేటప్పుడు మాత్రం "మంచిగ నేస్తుండె" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

తర్వాత మనవడి వైపు తిరిగింది. "ఇగ నీ వాళ్ళను చెప్పు."

అయ్యగారు విషయం విని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. "మరి గోత్రం ఏం చెప్పమంటవు బుచ్చవ్వా?"

"మా గోత్రమే చెప్పున్రి అయ్యగారూ. మా పిలగాడు గింత తిప్పలవడి చదువుతుండంటె మా ఇంటోళ్ళే అయిన్రు."

ఆ మాటకు అయ్యగారి నవ్వు ఆగింది. నీళ్ళ చెంబు చేతిలోకి తీసుకున్నారు. రాజం గత్యంతరం లేక అందరికంటే పెద్ద కవి పేరు చెప్పాడు.

"ఏం మనిషి ఆయన?" అంది బుచ్చవ్వ.

రాజం పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం చెప్పాడు.

"పుట్టుడు సచ్చుడు అందరు చేస్తరు బిడ్డా. నడుమల ఏం చేసిండు?"

"నాటకాలు రాసిండు."

"నాటకంల ఏమన్నడు?"

రాజం ఆ నాటకాల పేర్లు వరసగా చెప్పగలడు. అవి ఏ యుగానివో చెప్పగలడు. లోపల మనుషులు ఒకరితో ఒకరు ఏమనుకున్నారో అతనికి తెలియదు. ఇంకో కవి పేరెత్తాడు. బుచ్చవ్వ మళ్ళీ అదే ప్రశ్న వేసింది. మూడో పేరు సగంలోనే ఆపేశాడు. వానకాలమంతా రాత్రింబవళ్ళు కష్టపడి వల్లించిన దానిలో ముసలమ్మ అడిగిన చిన్న మాట లేదు; ఆ ప్రశ్నపత్రం అడిగిందీ ఇలాంటి మాటే. పరీక్షలో తనను ఎందుకు తప్పించారో ఆ క్షణాన, ఆ చాటల ముందు, అతనికి అర్థమైంది.

"నేను వాడకట్టు తిరిగి వస్త" అన్నారు అయ్యగారు లేస్తూ. "ఒక్కని సంగతన్న తెలుసుకోని ఉండు రాజం. బాపమ్మ బియ్యం ఎత్తుకోని కూసుంది."

రాజం లోపలికి పోయి పెట్టె తెరిచాడు. పైన నలిగిపోయిన నోట్సు ఉంది. అది పట్నంలో ఎవరి దగ్గరో చూసి రాసుకున్నది. అడుగున పద్యాల పుస్తకం కొన్ననాటి నిగనిగతో అలాగే ఉంది. పేజీలు తిప్పుతుంటే చివరి భాగంలో ఒక చిన్న పద్యం కనబడింది. రాసినవాడెవరో తెలియదని కింద వేశారు. పుట్టిన సంవత్సరం లేదు కనుక దాన్ని పరీక్షలో అడగరని నోట్సులో దాని ఊసే ఎత్తలేదు. చిన్నదిగా ఉందని రాజం అదే పట్టుకున్నాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటూ చదివాడు. రెండోసారి చదివినప్పుడు నిఘంటువు అంతగా అవసరపడలేదు.

అయ్యగారు తిరిగొచ్చేసరికి అతను వాకిట్లో ఉన్నాడు.

"ఈయన పేరు తెల్వది బాపమ్మా."

"పేరు గూడ లేదా? అయ్యో! అయితే ముందుగాల గాయనకే పెట్టాలె. ఏమన్నడు?"

"ఒక ఊర్ల ఏరు ఉంటది. ఏరు దాటిచ్చే పడవ మనిషి సచ్చిపోతడు. ఊరోళ్ళు పొద్దుగాల్నే ఒడ్డుకు వచ్చి, యాది మరిచి, ఆయన పేరే పిలుస్తరు. కొత్త పడవోడు 'నేను గాయన గాదు' అని ఒక్కనాడు గూడ అనడు. ఆ పేరుకే పలికి పడవ తెస్తడు."

బుచ్చవ్వ చూపు ఇంట్లో మూల ఖాళీగా ఉన్న మగ్గం మీదికి పోయింది.

"మీ తాత పోయినంక నేను గట్లనే నీళ్ళ చెంబు పట్టుకోని గా మగ్గం కాడికి పోతుంటి. మీ బాపు సూసి, ఏమనకుంట చెంబు అందుకోని తాగుతుండె" అంది. తర్వాత చాట ముందుకు జరిపి, "గా కొత్త పడవోడు మంచోడు" అంది.

సారయ్య తల దించుకుని వాకిలి దాటి బయటికి పోయాడు. ఎలిజీ అంటే శోకగీతం అని రాజం వందలసార్లు వల్లించాడు. అదేమిటో అతనికి ఆ రోజు తెలిసింది. అయ్యగారు నీళ్ళు వదిలి, ఆ పేరులేని కవికి బుచ్చవ్వ ఇంటి మార్కండేయ గోత్రమే చెప్పి, బియ్యం జోలెలో పోసుకున్నారు.

ఆ తర్వాత సాలెవాడలో మగ్గం చప్పుడు ఒక్కటే వినిపించింది. రాజం చదువు బయటికి వినబడడం లేదు. పిల్లగాడికి దిష్టి తగిలిందని వాడకట్టు వాళ్ళు బాధపడ్డారు. సారయ్య కూడా మాటిమాటికి మగ్గం ఆపి లోపలికి చెవి పెట్టేవాడు.

సద్దుల బతుకమ్మ మరునాడు దేవదాసు సారు వచ్చి నులక మంచం మీద కూర్చున్నారు. రొట్టెలు నలిపి బెల్లం కలిపి బుచ్చవ్వ పెట్టిన మలీద తింటూ, ఎలిజీ అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పమని అడిగారు. రాజం వచ్చీరాని ఇంగ్లీషులో, ఆగుతూ, తప్పు దిద్దుకుంటూ, ఏటి ఒడ్డున పిలిచేవాళ్ళ గురించి, పలికేవాడి గురించి, నీళ్ళ చెంబు గురించి చెప్పాడు. ఒకచోట మాట దొరక్క ఖాళీ మగ్గం వైపు చెయ్యి చూపించాడు. సారు తినడం ఆపేశారు.

సారయ్య తట్టుకోలేకపోయాడు. "సారూ, మునుపు గిట్ల లేకుండె. గడగడ చెప్తుండె. ఇప్పుడు అడుగడుక్కు ఆగుతుండు. అంత మర్చిపోయినట్టున్నడు."

దేవదాసు సారు నవ్వారు. "సారయ్యా, నేసేటప్పుడు నాడె ఎంత జోరుగ తిరిగిందని సూస్తవా, బట్ట వడ్డదా అని సూస్తవా?"

"బట్టనే సూస్త సారూ."

"మొన్నటిదాక నీ కొడుకు కండె లేని నాడె ఆడిచ్చిండు. చప్పుడు మస్తుగ వచ్చింది. ఇప్పుడు కండె వెట్టిండు, అందుకే నిదానమైంది. పంపు పట్నం."

"అయితే పాసైనట్టేనా సారూ?" అంది బుచ్చవ్వ.

"పరీక్ష సంగతి పరీక్ష చెప్తది గని అవ్వా, నేను ఇన్నేండ్లు పాఠం చెప్పి అడగాల్సిన మాట నువ్వు అడిగినవు. పేర్లు, యుగాలు తలుపు మీద రాసిన ఇంటిపేరు అసుంటివి. అది చదివి వాపస్ పోతే సుట్టరికం కాదు, లోపలికి పోయి మాట్లాడాలె."

రాజం పట్నం వెళ్ళాడు. మరుసటి యేడు ఇంగ్లీషులో ఉత్తీర్ణుడయ్యాడు. గొప్ప మార్కులేమీ రాలేదు, గట్టెక్కాడంతే. కాని ఏటా పెత్రమాసకు ఇంటికొచ్చి, కొత్తగా చదివిన ఒక కవి సంగతి వాకిట్లో కూర్చుని బాపమ్మకు చెప్పేవాడు. ఆమె విని, నచ్చితే నిండు చాట, నచ్చకపోతే సగం చాట ఇచ్చేది.

పాఠకులారా, మన పిల్లలూ చదువుతున్నారు. ఏ భాషైనా కానివ్వండి, ఏ కవైనా కానివ్వండి. వాళ్ళు ఇంటికి రాగానే ఎంత వచ్చిందో అప్పజెప్పమనడం మాని, మనమూ బుచ్చవ్వలా పక్కన కూర్చుని ఒక్క మాట అడుగుదాం: "ఆయన ఏమన్నడు బిడ్డా?"