తెర వెనక నాలుగో నంబరు

ఇరవై రెండేళ్లుగా మొరావియాలోని మా ఊరి ఆర్కెస్ట్రాలో పెద్ద ఫిడేళ్లలాంటి సెల్లోల ఆఖరి వరుసలో కూర్చుని, పక్కవాడికి పేజీలు తిప్పుతున్నాను. వెనకే ట్రాంబోన్లు. వాళ్లు ఊదినప్పుడల్లా నా మెడ మీద వెంట్రుకలు లేస్తాయి. అందుకే మొదటి వరుసలో కుర్చీ ఖాళీ అయిందనగానే దరఖాస్తు పెట్టేశాను. రిటైరయ్యేలోపు ఒక్కసారైనా ముందు కూర్చోవాలి, అంతే.

చిక్కల్లా ఓటేసేది నా తోటివాళ్లే. నాకు నోటి దురుసని వాళ్ల అభిప్రాయం. శ్రుతి తప్పినవాణ్ని తప్పావనడం దురుసా? వాయించేదెవరో వాళ్లకి తెలియకూడదని పరీక్ష తెర వెనకే జరుగుతుంది, అడుగుల చప్పుడు కూడా వినపడకుండా తివాచీ పరుస్తారు. ఏం లాభం? వాయించేముందు ప్రతిసారీ నేను గట్టిగా ముక్కు ఎగబీలుస్తాను. ఆ చప్పుడు బాల్కనీలో కూర్చున్నవాళ్లకి కూడా తెలుసు.

నెల రోజులు వంటింట్లో ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకుని సాధన చేశాను.

"రాత్రి గురక పెట్టేటప్పుడు కూడా అది పెట్టుకోరాదూ?" అంది మా ఆవిడ బ్లాంకా.

పరీక్షనాడు నాది నాలుగో నంబరు. నాకు ముందు, మూడో నంబరుగా, నా శిష్యురాలు ఇలోనా వెళ్లింది. తర్వాత నేను వెళ్లి, నోరు కొంచెం తెరిచి దొంగలా ఊపిరి తీసుకుంటూ, ముక్కు కిక్కురుమనకుండా వాయించి ముగించాను. నాలుగో నంబరే గెలిచింది! తెర తీయగానే మావాళ్ల ముఖాలు మాడిపోయాయి. ప్రాణం లేచొచ్చింది నాకు.

ఆ సాయంత్రం, గెలిచినవాడి ఆనవాయితీ ప్రకారం, సెల్లోవాళ్లందరికీ బీరు పోయించాను. మూడో గ్లాసు దిగాక మా జట్టు పెద్ద హినెక్ బల్ల గుద్దాడు.

"ముంచేశావు కదరా వావ్రా! మూడో నంబరు ఏం వాయించాడురా, ఏడుపొచ్చేసింది. కానీ మాటిమాటికీ బుస్సుమని ఎగబీల్చాడు. నువ్వేననుకుని అందరం కలిసి ఆ నంబరు కొట్టేశాం!"

పగలబడి నవ్వాను. నవ్వు మధ్యలో గుర్తొచ్చింది, మూడో నంబరు ఇలోనా. పదేళ్ల వయసు నుంచీ ఇలోనా మా వంటింట్లో నా ఎదురుగా కూర్చుని నేర్చుకుంది. కమాను పట్టడంతోపాటు ఎగబీల్చడమూ నా దగ్గరే పట్టేసింది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. తిడుతుందనుకున్నాను. కమాను తుడుచుకుంటూ అడిగింది.

"ఎగబీల్చకపోతే నాకసలు పాటే రాదు గురువుగారూ. మీకెలా వచ్చింది?"

"రాలేదమ్మా," అన్నాను. "కుర్చీ వచ్చింది."