మళ్లీ అడిగే భాగం

కుర్చీ వీపు మీద తడి తువ్వాలు మళ్లీ కనబడింది.

"బావగారూ, తీస్తానన్నారుగా?" అంది చిన్నకోడలు.

"అన్నానంటే తీసినట్టే," అన్నాడు ఆయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"మీరు అన్నంతమాత్రాన తువ్వాలు ఆరదు."

"పొద్దున్నే మొదలెట్టారా? అది కుర్చీనా, కోర్టా?" వంటింట్లోంచి అత్తగారు కేకేసింది.

చివరికి ఆమే తీసి ఆరేసింది. ఆయన రాయించిన కంప్యూటర్ ప్రోగ్రామూ అచ్చం ఆయనలాగే ఉంటుంది. బస్సు కంపెనీ టికెట్ల పని ఇద్దరూ పంచుకున్నారు. సీట్లు కేటాయించే భాగం బావగారి ఆఫీసులో తయారైంది. డబ్బు తీసుకుని టికెట్ ఇచ్చే భాగం ఆమె ఇంట్లో కూర్చుని రాసింది. రెండూ కలిపిన రోజే తేడా పట్టుకుంది. ఆయన భాగం సీటు రాసుకోకముందే "సరే, ఇచ్చేశాను" అని జవాబిస్తోంది. ఆ సందులో ఇంకొకరు అడిగితే వాళ్లకీ అదే సీటు. చెబితే, "నీది నువ్వు చూసుకో" అన్నాడు. ఇంటి గుట్టు వీధిన పడటమెందుకని ఆమె తన భాగంలోనే ఒక కాపలా పెట్టింది. "సరే" విన్నాక కాసేపు ఆగి, సీటు నిజంగా రాసుకున్నావా అని ఆ భాగాన్ని మళ్లీ అడిగి, ఆ తర్వాతే టికెట్ ఇస్తుంది.

మధ్యాహ్నం కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. "టికెట్లు ఆలస్యమయ్యేది మీ భాగం వల్లేనట కదమ్మా. రేపటి పరీక్ష కాగానే దాన్ని తీసేసి తన ఆఫీసులోనే రాయిస్తానన్నారు మీ బావగారు. మీకు చెప్పలేదా?"

"లేదండీ," అంది. గొంతు మామూలుగానే ఉంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూసింది గానీ, నడి ఏట్లోనే తగలేసే మనిషిని ఇప్పుడే చూస్తోంది.

భోజనాల దగ్గర బావగారు హుషారుగా ఉన్నాడు. "అమ్మాయ్, రేపైనా నీ నత్త కాస్త నడుస్తుందా?"

ఆమె భర్త నవ్వబోయి, భార్య ముఖం చూసి గ్లాసు అందుకున్నాడు.

"పరిగెత్తుతుంది బావగారూ," అంటూ ఆయనకు మరికాస్త వడ్డించింది. "మేనేజరుగారికి అంతా చెప్పేశాను. రేపు ఆయన ఎదుటే నా కాపలా తీసేస్తున్నాను. మీ భాగం ఏం చెబితే అదే నమ్ముతాను. ఒకే సీటును వందమంది ఒకేసారి అడిగేలా పరీక్ష కూడా సిద్ధం చేశాను."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఇంట్లోవాళ్లం కదమ్మా. రెండ్రోజులు ఆగు, సరిచేయిస్తా."

"ఆగబట్టే కదా నత్తనయ్యాను," అంది. "రేపు ఆగను."