ఇప్పచెట్ల కింద నిప్పు

భిలాయి ఉక్కు ప్లాంటులో రిటైరై అడవి పక్కన పొలం కొన్న ఆదిశేషు, ఇప్పపూలు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలని పొద్దున్నే చెట్ల కింది ఎండుటాకులకు నిప్పు పెట్టాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగి, మంట అడవిలోకి పాకి, అతని పశువులపాక మీదికే వచ్చింది.

పదహారేళ్ల కూతురు తనూజ ఆవుల పలుపులు విప్పి తోలేసింది. ఊళ్లోవాళ్లు పరుగున వచ్చి పచ్చికొమ్మలతో మంటను బాదుతున్నారు. ఆదిశేషు మాత్రం గట్టు మీద నిలబడి అటవీ అధికారితో ఫోన్లో అరుస్తున్నాడు.

"ఈ ఊరోళ్లే సార్! బీడీలు కాల్చి పారేసినారు. ఏటి మనుషులో, బుద్ధి నేదు!"

తనూజ వెళ్లి తండ్రి చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె లాగి, అందరికీ కనబడేలా పైకెత్తింది.

"జేబు ఖాళీ చేసినాను నాన్నా. ఫోను అందులో పెట్టి, కొమ్మ పట్టు."