ఐలేష్ తలకు కాపలా

నేను ఒక హెల్మెట్‌ని. పోలీసు కనబడితే నెత్తికెక్కించి, మలుపు తిరగగానే హ్యాండిల్‌కు తగిలించే బండి హెల్మెట్‌ని కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది, అందులో మనుషులు ఒకరినొకరు కుమ్ముకునేటప్పుడు పెట్టుకునే రకాన్ని. నాకు ముందువైపు ఇనుప కడ్డీల జాలీ, గడ్డం కింద బెల్టు, లోపల గాలి నింపిన మెత్తలు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మేలెంచడం మిగతావాళ్లు చూసుకుంటారు. నేను పుట్టిందే కీడెంచడానికి.

ఎక్కడో సముద్రాల అవతల ఒక కార్ఖానాలో నన్ను పోతపోశారు. నాతో పుట్టినవాటిలో రెండింటిని ఎత్తు మీదినుంచి ఇనుప దిమ్మ మీదికి వదిలి చూశారు. అవి పగలలేదు కాబట్టి నేను కూడా మంచిదాన్నేనని రాసుకున్నారు. ఆ తర్వాత నా వెనుక ఒక చీటీ అంటించారు. దాని మీద ఇంగ్లీషులో ఇలా ఉంది: ఇది పెట్టుకున్నా తలకు దెబ్బ తగలవచ్చు, మెదడు దెబ్బతినవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. కన్న బిడ్డ వీపు మీద 'దీన్ని నమ్ముకోకండి' అని రాసి పంపేవాళ్లను ఇంకెక్కడా చూడలేదు. కానీ అబద్ధం మాత్రం రాయలేదు.

మన దేశంలో ఆ ఆటకు కొత్తగా లీగ్ పెట్టిన ఏడు, పెట్టెల్లో సర్దుకుని హైదరాబాద్ చేరాను. జట్టు పేరు దక్కన్ సింహాలు. అక్కడ సామాను చూసే ఆయన నన్ను తీసి, ఎదురుగా కూర్చున్న ఒక నల్లటి, మెడ పొట్టిగా ఉన్న మనిషి తలకు తొడిగాడు. చిన్న పంపుతో మెత్తల్లోకి గాలి కొట్టాడు. జాలీ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. హెల్మెట్ కదిలితే నొసటి చర్మం కూడా దానితోపాటే కదలాలి, అప్పుడే సరిగ్గా పట్టినట్టు. అతని చర్మం కదిలింది. అతని పేరు ఐలేష్. ఊరు కాజీపేట. అంతకుముందు రైల్వే కాలనీ జట్టుకు కబడ్డీ ఆడేవాడు.

ఒక తల నా లోపలికి రావడం అదే మొదటిసారి. వెచ్చగా ఉంది. కణతల దగ్గర నాడి టకటకా కొట్టుకుంటోంది. ఇంత చిన్న గుండ్రటి దానిలో ఇంటి దారి, తల్లి గొంతు, చచ్చిపోయిన తండ్రి ముఖం, తొంభై రకాల ఆట ఎత్తులు అన్నీ ఎలా పట్టాయో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు. అంత విలువైనదాన్ని ఎవరైనా పట్టుబట్టలో చుట్టి దాచుకుంటారు. ఈ మనుషులు దాన్ని ముందుకు పెట్టి పరిగెత్తుతారు.

ఐలేష్‌ది బంతితో పరిగెత్తే ఉద్యోగం కాదు. గుడ్డు ఆకారంలో ఉండే ఆ బంతిని వంగి, కాళ్ల సందులోంచి వెనక ఉన్నవాడికి అందించాలి. ఆ వెంటనే మీదికొచ్చే మనిషిని ఆపాలి. చప్పట్లు వెనకవాడికి, దెబ్బలు ఇతనికి. మొదటి మ్యాచ్‌లో ఎదురుగా పంజాబ్ నుంచి వచ్చిన నూట నలభై కిలోల మనిషి నిలబడ్డాడు. ఐలేష్ తొంభై ఎనిమిది. నేను లెక్కపెట్టాను, ఆ సాయంత్రం పందొమ్మిది సార్లు వెల్లకిలా పడ్డాడు. పడ్డ ప్రతిసారీ నా పైప్రాణాలు పైనే పోయాయి. పందొమ్మిది సార్లూ లేచి, గడ్డి దులుపుకుని, మళ్లీ వచ్చి అదే చోట వంగాడు. ఇరవయ్యోసారి ఆ పర్వతమే పక్కకు ఒరిగింది. ఇనుప దిమ్మ మీద పడి పగలకపోవడం గొప్పేం కాదు, ప్లాస్టిక్‌కు నొప్పి తెలియదు కదా. ఇతనికి తెలుసు. తెలిసీ లేచాడు.

సెలవులకు నన్ను కాజీపేట తీసుకెళ్లాడు. తల్లి పేరు సమ్మక్క, అతను అవ్వా అని పిలుస్తాడు. భర్త పోయాక ఆమె హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా చేరింది. అదీ యాక్సిడెంట్ వార్డులో. రోజూ పగిలిన తలలు చూసి వచ్చే మనిషికి కొడుకు తలతో కుమ్మే ఆట ఆడుతున్నాడని చెబితే ఎలా ఉంటుంది?

"ఈ పంజరం ఏందిర?" అంది నన్ను చూసి.

"నెత్తికి పెట్టుకునేదే అవ్వా. ఏం కాదిగ. బండరాయేసి కొట్టినా పలగది."

"వెనక ఏమో రాసి ఉన్నది?"

"కంపెనీ పేరు."

ఆమె నమ్మినట్టు తలూపింది. అతను అటు పోగానే దేవుడి గూట్లోంచి ఒక కొబ్బరికాయ తీసి, పీచు తీసేసి, తువాలలో చుట్టి నా లోపల పెట్టింది. గడపలో బోర్లించి, రోకలి ఎత్తి ఒక్కటిచ్చింది. పంజాబ్ మనిషి కూడా నన్ను అంత గట్టిగా కొట్టలేదు. తర్వాత కాయను తీసి చుట్టూ తిప్పి చూసింది. గీత కూడా పడలేదు. ఆ కాయనే మల్లన్నకు కొట్టి, కొడుకు నొసటన బొట్టు పెట్టి, "పో బిడ్డా, ఆడుకో" అంది. నాకు మాత్రం గుబులుగానే ఉంది. కాయ పగల్లేదు, నిజమే. కానీ పరీక్ష అక్కడితో అయిపోలేదని చెప్పడానికి నాకు నోరు లేదు.

నాలుగేళ్లు బాగానే గడిచాయి. జట్టులో అతన్ని గోడ అనేవాళ్లు. ఐదో ఏడు పుణెలో మ్యాచ్. ఒకేసారి ఇద్దరు వచ్చి గుద్దారు, ఒకడు ముందునుంచి, ఒకడు పక్కనుంచి. నా మీద గీత పడింది, అంతే. ఐలేష్ లేచాడు. ఎప్పటిలాగే గడ్డి దులుపుకున్నాడు. కానీ కణతల దగ్గర నాడి ఎప్పటిలా లేదు. తడబడి అవతలి జట్టు వరసలోకి నడిచాడు. వాళ్లు నవ్వి ఇటు తోశారు. "ఏమైందిరా?" అంటే, "ఏం కాలే" అన్నాడు. ఆ మైదానంలో ఎవరికి ఏమైనా అందరూ చెప్పేది ఆ ఒక్క మాటే. ఆ తర్వాత పదకొండు ఎత్తులు ఆడాడు. పదకొండుసార్లూ నేను చేయగలిగిందల్లా గట్టిగా పట్టుకుని ఉండటమే.

మూడో రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. పక్కన ఉన్న ఖాళీ పీట చూసి, "బాపు ఇంకా రాలేదా?" అని అడిగాడు.

తండ్రి పోయి తొమ్మిదేళ్లు.

సమ్మక్క కేక పెట్టలేదు. చేతిలో గరిటె కింద పెట్టి, కొడుకు గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, కళ్లలోకి చూసింది. వార్డులో డాక్టర్లు చూడటం రోజూ చూసేది కదా. పది నిమిషాల్లో ఆటోలో ఉన్నారు, డాక్టరుకు చూపడానికి నన్నూ వెంటేసుకుని.

పుర్రె పగల్లేదనీ, లోపల మెదడు అదిరిందనీ డాక్టరమ్మ చెప్పింది. సమ్మక్క తనలో తాను అన్నట్టు అంది: "కాయ పలగలేదని సంబురపడ్డ. లోపటి నీళ్లు ఎట్ల ఊగినయో సూశిన్నా?"

మూడు నెలలకు తల తిరగడం తగ్గింది, జ్ఞాపకం తిరిగి వచ్చింది. ఇంకో దెబ్బ తగిలితే ఇంత అదృష్టం ఉండదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అయినా జట్టు నుంచి పిలుపు వచ్చిన రోజు ఐలేష్ నన్ను సంచిలోంచి తీశాడు. ఆటగాడి చేతులు అవి, వద్దన్నా వాటంతటవే వెతుక్కుంటాయి. గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్న తల్లి తలెత్తలేదు.

"మా వార్డుల నర్సమ్మతోని సదివిపిచ్చిన" అంది. "నువ్వు కంపెనీ పేరన్నవ్ గద."

ఐలేష్ నన్ను తిప్పి, వెనకున్న చీటీ చూశాడు.

"నువ్వు భయపడతవని..."

"నేను భయపడుడు కొత్తనా బిడ్డా? నువ్వు రైలు పట్టాలు దాటినా భయపడ్డ, ఈతకు పోయినా భయపడ్డ. నా భయం నాకు అలవాటే. నిజం దాసిపెడితే, ఎంత భయపడాల్నో నాకెట్ల తెలుస్తది?"

పోవద్దని ఒక్కసారి కూడా అనలేదు. అంటే పోయేవాడేమో. చేట మీద ఆమె వేళ్లు కదులుతూనే ఉన్నాయి. అతను నన్ను తలకు కాక, ఆమె పక్కన గడప మీద పెట్టాడు. అంతే, మళ్లీ ఎన్నడూ తొడుక్కోలేదు. పందొమ్మిది సార్లు లేచిన మనిషికి, లేవకుండా ఉండటం ఇంకా కష్టమని ఆ రోజు తెలిసింది.

మరుసటి ఏడు అదే జట్టుకు సహాయ కోచ్‌గా, ఇంకో మూడేళ్లకు పెద్ద కోచ్‌గా చేరాడు. మైదానం పక్కన విజిల్ పట్టుకుని, "తల పక్కకు, భుజం ముందుకు! తల నీదిరా, వాడికెందుకు ఇస్తున్నవ్?" అని గొంతు పోయేలా అరిచేవాడు. పదేళ్లు దాటిన హెల్మెట్ ఎవరూ పెట్టుకోకూడదు. అందుకని నాకూ ఉద్యోగ విరమణ వచ్చింది. కానీ సమ్మక్క నన్ను వదల్లేదు. కొడుకు జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌కూ వచ్చి, బెంచీ వెనక మొదటి వరసలో, నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆట అర్థమయ్యేది కాదు. ఎవరు పడ్డా, ఏ జట్టువాడైనా, "అయ్యో బిడ్డా" అనేది. లేచేదాకా ఊపిరి బిగబట్టేది. ఇరవై ఇద్దరి కోసం ఒక్కతే భయపడేది.

అలా వచ్చింది ఫైనల్. దక్కన్ సింహాలు అంతదాకా రావడం అదే మొదటిసారి. ఆట ముగియడానికి మూడు నిమిషాల పైచిలుకు ఉంది, మనవాళ్లు నాలుగు పాయింట్లు వెనక. బంతి పట్టుకుని పరిగెత్తే లింగమూర్తి మంచి ఊపు మీదున్నాడు. ఇరవై మూడేళ్లవాడు, కాళ్లలో చిరుత ఉందనేవాళ్లు. అతన్ని ఇద్దరు కలిసి పడగొట్టారు. లేచాడు. బొటనవేలు చూపించాడు. జనం ఈలలు.

ఐలేష్ మాత్రం విజిల్ నోట్లోంచి తీసేశాడు. లింగమూర్తి దీపాల వైపు ఒక్క క్షణం ఎక్కువ చూశాడు, అంతే. ఐలేష్ ఆట ఆపించి అతన్ని దగ్గరికి పిలిచాడు.

"స్కోరెంతరా?"

"...పదిహేడు, ఇరవయ్యొకటి. ఏం కాలే అన్నా, పంపు."

జవాబు తప్పు కాదు. కాస్త ఆలస్యంగా వచ్చింది. ఐలేష్ చెయ్యి చాచి అతని గడ్డం కింద బెల్టు విప్పాడు, హెల్మెట్ తీశాడు. ఆటగాణ్ని కూర్చోమంటే కూర్చోడు, కోచ్ అటు తిరగగానే దూరిపోతాడు. అందుకే హెల్మెట్ దాచేస్తారు, అది లేకుండా లోపలికి రానివ్వరు. ఐలేష్ దాన్ని కంచె మీదుగా తల్లికి అందించాడు.

"అవ్వా, ఇది పట్టుకో. ఎవలడిగినా ఇయ్యకు."

ఆమె ఒళ్లో ఇప్పుడు మేమిద్దరం. కొత్తది ఇంకా వెచ్చగా ఉంది. నిమిషంలో జట్టు ఓనరు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఆ హెల్మెట్ ఇటియ్యి. కప్పు పోతది!"

"పోనీ సారూ."

"నీ కొడుకు నౌకరి పోతది!"

సమ్మక్క రెండు చేతులూ మా ఇద్దరి చుట్టూ వేసింది. జీవితమంతా ఆమె ఇలాంటి మాటలకూ భయపడుతూనే వచ్చింది. కానీ పట్టు సడలలేదు.

"నౌకరి పోతే ఇంకోటి సూస్కుంటడు. తల పోతే యాడ తెస్తం? ఇయ్య."

జనం బూతులు తిట్టారు. ఎవడో సీసా విసిరాడు. లింగమూర్తి బెంచీని తన్నాడు. అతని బదులు వెళ్లినవాడు రెండుసార్లు బంతి జారవిడిచాడు. మూడు నిమిషాలూ అయిపోయాయి. నాలుగు పాయింట్ల తేడాతోనే ఓడిపోయాం. నేను గెలుపులు చాలా చూశాను. ఐలేష్ ఆ మూడు నిమిషాలూ మైదానం వైపు ముఖం తిప్పకుండా, బెంచీ మీది కుర్రాడి కళ్లనే చూస్తూ నిలబడటం లాంటిది మాత్రం ఇంకోటి చూడలేదు.

నేరుగా దవాఖానకు వెళ్లారు. స్కాన్ తీశారు. గంటసేపు పరీక్షలు చేశారు. డాక్టరు బయటికి వచ్చి, "ఏమీ లేదు. అంతా నార్మల్" అన్నాడు.

అంటే ఆడించి ఉండవచ్చు. కప్పు వచ్చి ఉండవచ్చు. ఐలేష్ గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. "ఏం లేదంటనే అవ్వా. ఉత్తగనే ఓడగొట్టిన" అన్నాడు.

సమ్మక్క ఏదో అనబోయింది. అంతలో గదిలోంచి లింగమూర్తి మొదలుపెట్టాడు. మంచం మీద లేచి కూర్చుని, తలుపులోంచి ఐలేష్‌ను చూసి ఒకటే తిట్లు.

"నేను చెప్పిన గద, ఏం కాలేదని! ఇరవై ఏడో ఎత్తు వెయ్యాలె ఆడ! ఎడమ దిక్కు మొత్తం ఖాళీ! వాళ్ల నలభై నాలుగోడు కుంటుతుండె, నేను సూశిన! మూడు నిమిషాల పన్నెండు సెకండ్లు ఉండె! పిరికోడివి నువ్వు, పిరికోడివి!"

నర్సు అతన్ని ఆపడానికి లేచింది. సమ్మక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి తల్లీ." గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. "తిట్టు బిడ్డా. మంచిగ తిట్టు. తిట్టనీకి సోయి ఉండాలె, తెలివి ఉండాలె గద."

అతను తిట్టాడు. ఎత్తుల నంబర్లు, ఆటగాళ్ల పేర్లు, పోయిన ఏడు చెన్నైలో జరిగిన తప్పు, దానికి ముందు ఏడు జరిగింది, అన్నీ వరసగా తవ్వి పోశాడు. ఒక్క అంకె తప్పలేదు. ఒక్క మాట తడబడలేదు. వరండాలో గోడకు ఆనుకుని ఐలేష్, గుమ్మంలో సమ్మక్క, ఆమె చంకలో నేను, హరికథ వింటున్నట్టు అలాగే వింటూ ఉండిపోయాం.