పిలిస్తే మాయమయ్యే నంతాలే

కరోనాకి కంపాలాలో బళ్ళన్నీ మూతపడ్డాక, మా నాలుగేళ్ళ నంతాలే చదువు నా ఫోన్లోకి వచ్చింది. ఆ ఫోను మా భోజనాల బల్ల ఎక్కింది. ఈ చదువు మీద మా ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో అభిప్రాయం. మా ఆయన సెమాండా దృష్టిలో అది డేటా దండగ. పిల్లలు జాజా అని పిలిచే మా అత్తగారి దృష్టిలో, మనిషి ఎదురుగా లేని చదువు చదువే కాదు. నా దృష్టిలో మాత్రం అరటికాయలు ప్రశాంతంగా చెక్కు తీసుకోవడానికి దొరికిన అరగంట. పైకి అలా అంటే బాగుండదని “పునాది” అనే మాట వాడుతుండేదాన్ని.

ఓ సాయంత్రం టీచరు బాబిర్యే ఫోన్ చేసింది.

“నంతాలే వాళ్ళమ్మగారూ, పేరు పిలవగానే మీ అమ్మాయి మాయమైపోతోందండీ. నాకు ఖాళీ కుర్చీ ఒక్కటే కనిపిస్తోంది. ఒక్క జవాబన్నా వినకుండా పైతరగతికి ఎలా పంపనూ? రేపొక్కసారి చూస్తాను.”

మా ఆయన చెవులు మహా పదును. “నే చెప్పలా? ఈ లెక్కన అది అదే క్లాసులో ఉంటుంది, వెనకాలే తమ్ముడొచ్చి కలుస్తాడు!”

రంగులూ అంకెలూ గోడ మీద బల్లికి కూడా ఒప్పజెప్పే పిల్ల, టీచరు దగ్గర నోరు విప్పకపోవడమేమిటి?

మర్నాడు అరటికాయలు పక్కన పడేసి తలుపు చాటున నిలబడ్డాను.

“నంతాలే, ఇది ఏ రంగమ్మా?” ఫోన్లోంచి టీచరు అడిగింది.

నా కూతురు కుర్చీలోంచి జారి, బల్ల కింద బుద్ధిగా మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, దోమ గొంతుతో అంది: “పచ్చ రంగు, టీచర్.”

పెద్దవాళ్ళకి మోకాళ్ళ మీద కూర్చునే జవాబు చెప్పాలన్నది మా వైపు మర్యాద, నేర్పింది మేమే. ఆ దోమ గొంతు బల్ల పైదాకా ఎక్కడొస్తుంది?

నేను చప్పున ఫోను దించి దాని ముందు చాప మీద పెట్టాను.

“ఓసి నా బంగారూ! ఇన్నాళ్ళూ కింద ఉన్నావా?” అని టీచరు ఒకటే నవ్వు. ఆపైన అడిగినవన్నీ నంతాలే గడగడా చెప్పేసింది.

ఈ నవ్వులకి మా అత్తగారు వచ్చి చాప మీద చతికిలబడి, ఫోన్లోకి తొంగిచూసింది. ఆ నెరిసిన తల కనపడిందో లేదో, టీచరు కాస్తా మాయం. తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది.

“టీచర్ పారిపోయింది!” అని ఫోన్లో తోటి పిల్లాడెవడో కేక పెట్టాడు.

“రాత్రి బాగా నిద్రపట్టిందా జాజా?” ఎక్కడో కిందనుంచి సన్నటి గొంతు. “మీ మనవరాల్ని పైతరగతికి పంపిస్తున్నానండీ.”

“ఎవరే మాట్లాడేది? కనపడదేం?” అంది మా అత్తగారు.

“టీచరే అత్తయ్యా. మీకోసం మోకాళ్ళ మీద కూర్చుంది.”

“అలాగా!” ఆవిడ ముఖం విప్పారింది. “చల్లగా ఉండు తల్లీ” అంటూ రెండు చేతులూ ఎత్తి ఆ ఖాళీ కుర్చీని నిండుగా దీవించింది.