ముందొచ్చే చెప్పులు

సాయంత్రం పూట పోతనాళ రోడ్డు మీద ఒక జత తోలుచెప్పులు మనిషి లేకుండా నడిచిపోతుంటే, ఎద్దుబండి వాళ్లు కూడా పక్కకు తప్పుకుని దారిస్తారు. అవి లైన్‌మన్ శివన్నవి. కరెంటు స్తంభం ఎక్కేముందు చెప్పులు విడిచి కంపెనీ బూట్లు తొడుక్కుంటాడు. అతను కిందికి దిగగానే చెప్పులు ఇంటిదారి పడతాయి. అతను పనిముట్లు సర్దుకుని, నలుగురితో మాట్లాడి, తీరిగ్గా మోటారుబండి మీద వస్తాడు. చెప్పులు గడప దగ్గర కనపడగానే అతని భార్య రామాబాయి పొయ్యి మీద పెనం పెడుతుంది. అవి రానంతసేపూ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూచుంటుంది.

ఆ చెప్పులు సబ్‌స్టేషన్ గేటు ముందు నుంచే పోతాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. పని అయ్యాక లైన్‌మన్ ఫోన్ చేసి అందరూ దిగారని చెబితేనే కరెంటు మళ్లీ ఇవ్వాలని కంపెనీ రూలు. కానీ చెప్పులు గేటు దాటితే చాలు, ఆపరేటర్లు ఫోన్ కోసం చూడకుండా స్విచ్ వేసేవాళ్లు. వాళ్లను అని ఏం లాభం? రూలు పెట్టేవాడు బెంగళూరులో ఉంటాడు, జనం తిట్లు తినేది వీళ్లు.

ఆ రోజు ఈదురుగాలికి తీగ తెగింది. శివన్న, అతని జోడీ హనుమేశ్ చెరో స్తంభం ఎక్కారు. సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న ఆపరేటర్ సుమంగళ స్విచ్ ఆపి ఎర్రబోర్డు తగిలించింది. ఇక ఫోన్ మోగుతూనే ఉంది.

"ఏమ్మా, కరెంటు ఇస్తారా ఇవ్వరా? నారుమడి ఎండిపోతుంది ఇక్కడ!" వలస రైతుల క్యాంపు నుంచి బుల్లెమ్మ అరిచింది.

"కంబాల మీద మనుషులున్నరమ్మా. జర ఓపిక పట్టుండ్రి."

"పొద్దుట్నించీ ఇదే మాట!"

పొద్దు వాలుతుండగా గేటు దగ్గర చెప్పులు కనిపించాయి. సుమంగళ హమ్మయ్య అనుకుని ఎర్రబోర్డు తీసేసి స్విచ్ వైపు చెయ్యి చాచింది.

అలవాటు కొద్దీ అంతదూరం వచ్చిన చెప్పులకు అప్పుడేం గుర్తొచ్చిందో, గేటు ముందు ఆగాయి. పక్కకు తిరిగి, కంకర మీదుగా లోపలికొచ్చి, మెట్లెక్కి ఆమె ముందు నిలబడ్డాయి. ఒకటి ఆమె పాదం మీదికెక్కింది. మనిషి తొక్కినంత బరువుంది.

సుమంగళ చెయ్యి వెనక్కి తీసుకుని ఫోన్ చేసింది.

"శివన్నా, అందరు దిగిండ్రా?"

"నేను దిగిన. హనుమేశ్ ఇంక పైననే తీగ పట్టుకోని ఉన్నడు. ఎందుకమ్మా?"

సుమంగళ బోర్డు మళ్లీ తగిలించి, చెప్పుల పక్కనే కూలబడి ఏడ్చింది. ఫోన్ రాకుండా మళ్లీ ఎన్నడూ స్విచ్ ముట్టలేదు.

చీకటి పడినా చెప్పులు ఇంటికి రాలేదు. రామాబాయి గడప పట్టుకుని నిలబడిపోయింది. దేవుళ్లందరికీ మొక్కడం అయిపోయి మళ్లీ మొదటి దేవుడి దగ్గరికొచ్చింది. అప్పుడు బండి చప్పుడైంది. శివన్న వెనక నుంచి హనుమేశ్ దిగాడు. సబ్‌స్టేషన్ నుంచి తెచ్చిన చెప్పులు అతని ఒళ్లో ఉన్నాయి. వాటిని మెల్లగా గడప దగ్గర పెట్టాడు.

"ఏంది గిట్ల? ఇయ్యాల నడ్వలేదా?" అంది రామాబాయి.

"నడిచినయి వదినా," అన్నాడు హనుమేశ్. "నా కోసం ఆగినయి."

రామాబాయి కొంగుతో చెప్పుల దుమ్ము తుడిచి, లోపలికెళ్లి పెనం పెట్టింది. పిండి ఇద్దరికీ కలిపింది.