ట్రేలో కత్తెర కడుపుమంట

నేను ఒక కత్తెరను. బట్టలు కత్తిరించే రకం కాదు, ఆపరేషన్ కత్తెరను. కొలిమిలో కాలి, సాన మీద అరిగి, కాకినాడలో సోమిదేవమ్మ డాక్టరుగారి చేతికొచ్చాను. ఆవిడ రిటైరవుతూ నన్ను శిష్యురాలు హైమవతికి అప్పగించింది. హైమవతిగారి హస్తవాసి మంచిదని జనం చెప్పుకుంటుంటే, ఆ చేతిలో ఉన్నది నేనే కదా అని మురిసిపోయేదాన్ని.

నిరుడు మా ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే రోబో దిగింది. ఒంటికి నాలుగు చేతులు! కొత్త ఒక వింత, పాత ఒక రోత. దసరా ఆయుధపూజలో తొలిబొట్టు ఎప్పుడూ నాకే. ఈసారి దానికి పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు కూడా తొక్కించారు. నాకు గిన్నె అడుగున మిగిలిన కుంకుమ అద్దారు. కుళ్ళుకుని చచ్చాను.

అప్పుడే కనకరత్నం మామ్మ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళు, షుగరు, నీరసపు గుండె. గర్భసంచిలో క్యాన్సరు, తీసెయ్యాలి.

"మరమనిషి చేత కోయించుకోనండి అమ్మగారూ. మీ చెయ్యే పడాలండి," అని మొరాయించింది. నా తల్లే అనుకున్నాను.

"అది సొంతంగా ఏం చెయ్యదు మామ్మగారూ, నేను ఆడిస్తేనే ఆడుతుంది. పెద్ద కోత కోస్తే మీ వయసుకి కోలుకోవడం కష్టం. దీనికి చిన్న చిన్న రంధ్రాలు చాలు," అంది డాక్టరు.

"అయితే భయం లేదాండీ?"

"లేదని అబద్ధం చెప్పను. పొట్టలో గ్యాస్ నింపి, తల కిందికి వంచి పడుకోబెట్టాలి. మీ గుండె తట్టుకోకపోతే రోబోని ఆపేసి పాత పద్ధతిలో చేస్తాను."

పాత పద్ధతంటే నేనే. రోబో పనిచేసినంతసేపూ నన్ను శుభ్రం చేసి, పక్కనే ట్రేలో గుడ్డ కప్పి ఉంచడం మా థియేటర్ ఆనవాయితీ. ఎదుటివాళ్ళ పెళ్ళిలో మూల కూర్చున్నట్టు కూర్చున్నాను. ఈ రోబో చెడిపోతే బాగుండునని మనసారా కోరుకున్నాను.

సగం పనిలో మత్తు డాక్టరు కేకేశాడు. "మేడమ్, గుండె వేగం పడిపోతోంది! గ్యాస్ తీసెయ్యండి!"

రోబో చేతులు ఊడదీశారు, బల్ల సమం చేశారు. మూల బల్ల దగ్గర కూర్చుని రోబోని ఆడిస్తున్న హైమవతి చేతులు కడుక్కుని పరుగున వచ్చింది. సిస్టర్ ఎస్తేరు నా మీద గుడ్డ లాగేసింది. అబ్బ, నా సంబరం! రోబో మూతి మాడ్చుకుని నిలబడింది. మెషిన్లో మామ్మ గుండె చప్పుడు ఒక్కొక్కటీ ఆలస్యంగా వస్తోంది. డాక్టరు వేళ్ళు నా మీదికొచ్చి ఆగాయి.

ఈలోగా మత్తు డాక్టరు ఇచ్చిన సూదిమందు పనిచేసింది. చప్పుడు మళ్ళీ దారిన పడింది.

"వంపు తగ్గించి, గ్యాస్ తక్కువ పెట్టి చూద్దాం. మళ్ళీ తేడా వస్తే కోసేద్దాం," అంది డాక్టరు. ఆ వేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. మిగతా పనంతా ఆ నాలుగు చేతులదే చేసింది.

మర్నాడు మామ్మ గోడ పట్టుకుని నడిచిందట, కాఫీ నీళ్ళలా ఉందని పోట్లాడిందట. ఆ కబురు చెబుతూ ఎస్తేరు నన్ను పెట్టెలో సర్దింది. "ప్రభువా, నీకు స్తోత్రం. ఈ కత్తెర ముట్టుకునే అవసరం రాలేదు," అని కళ్ళు మూసుకుంది.

ఇన్నేళ్ళ కొలువులో నన్ను వాడనందుకు దేవుడికి దండం పెట్టడం అదే మొదలు. మామ్మ బతికిందని నాకూ సంతోషమే. నా చేతిలో బతికి ఉంటే ఎంత బాగుండేది!